రెండు గుడ్డల కోటు

సైంటిస్టు బాబాయి పోయాడని పిన్ని ఫోన్ చేసేసరికి నేను ఒక మగ్గం వర్క్ జాకెట్టుకి చేతులు కత్తిరిస్తున్నాను. "అమ్మాయ్, మీ బాబాయి టీ తాగకుండానే వెళ్ళిపోయాడు" అంది. ఎక్కడికి వెళ్ళాడు పిన్నీ, అని అడిగాను. నిజంగానే అడిగాను. టీ పడకుండా ఆయన గుమ్మం దాటిన రోజు లేదు కాబట్టి, పిన్నితో గొడవపడి అలిగి వెళ్ళాడేమో అనుకున్నాను. వెనక ఎవరో ఏడుస్తున్నది వినపడ్డాక గాని నాకు బుర్రకెక్కలేదు. కత్తెర బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా సందు దాటి పరిగెత్తాను.

నిద్రలోనే పోయాడట. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఒక చెంపే కనపడుతోంది. మనసులో దువా చదువుకుంటూనే, పాడు అలవాటు, అది ఏ చెంపో చూశాను. కుడిచెంప. కళ్ళద్దం చెంప. అంత దుఃఖంలో ఆ లెక్క నాకెందుకు వచ్చిందో చెప్పాలంటే ఆయన నాటకం గురించి చెప్పాలి, ఆయన కోటు గురించి చెప్పాలి.

మా నరసరావుపేట నాటక సమాజం వాళ్ళు బాబాయి మీద చిన్న పుస్తకం వేస్తాం, నువ్వూ రాయి అన్నారు. నేను దర్జీని, నా చేతికి సూది తప్ప కలం అలవాటు లేదు అన్నాను. ఆ కోటు కుట్టిన చేతులు నీవే కదా, నీకు తెలిసినంత ఎవరికి తెలుసు అన్నారు. పొగిడితే కరిగిపోయే జబ్బు నాకుంది. అందుకే రాస్తున్నాను. ఎక్కడైనా కుట్టు వంకరపోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

బాబాయి సైంటిస్టు కాదు. మాకు చుట్టమూ కాదు. మా ఎదురింటాయన, హైస్కూల్లో సైన్సు మాస్టారు, రిటైరై కొంతకాలమైంది. సైంటిస్టు అన్నది ఆయన కట్టిన వేషం. జీవితం మొత్తం మీద ఒకటే నాటకం, ఒకటే పాత్ర, స్టేజీ మీద ఆయన ఒక్కడే. రాసిందీ ఆయనే. పరిషత్తు పోటీల్లో వేశాడు, తిరునాళ్ళలో వేశాడు, ఎత్తిపోతల చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ జలపాతం హోరులో ఎవరికీ వినపడకపోయినా వేశాడు. పోనుపోను ఆయన అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప పేటలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

ఆ నాటకంలో ఒక సైంటిస్టు మిరపకి వచ్చే ఆకుముడతకి మందు కనిపెడతాడు. అది పనిచేస్తుందో చెడగొడుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. ఇంకో పంట చూడాలి, అప్పటిదాకా రైతు చేతికి ఇవ్వకూడదు అంటాడు ఒకడు. వ్యాపారి బయట కారులో కూర్చున్నాడు, ఇచ్చి పంపెయ్, తర్వాత సంగతి తర్వాత అంటాడు ఇంకొకడు. ఇద్దరూ ఆ సైంటిస్టే. ఒకే ఒంట్లో కూర్చుని ఇద్దరూ తెల్లవార్లూ పోట్లాడుకుంటారు.

ఇద్దర్నీ ఒక్క మనిషి చూపించాలి కదా. అందుకని కోటు కుడి సగం తెల్లగుడ్డ, ఎడమ సగం నల్లగుడ్డ. పాత కళ్ళజోడుని మధ్యకి విరిచి, కుడికంటికి మాత్రం ఒక అద్దం. ఎడమవైపు సగం మీసం, గమ్‌తో అంటించింది. మంచివాడు మాట్లాడేటప్పుడు తెల్లవైపు జనానికి కనపడేలా పక్కకి తిరిగి నిలబడేవాడు. చెడ్డవాడి వంతు రాగానే గిరుక్కున తిరిగి నల్లవైపు చూపించేవాడు. గొంతు కూడా మారిపోయేది. చిన్నపిల్లలు స్టేజీ మీద ఇద్దరున్నారనే నమ్మేవాళ్ళు. చిట్టచివర ఆయన జనానికి ఎదురుగా తిరిగి, సగం తెలుపూ సగం నలుపూ ఒకేసారి కనపడేలా నిలబడి, "మీకు ఎవరు కావాలో చెప్పండి, ఆయన్నే పంపిస్తా" అనేవాడు. జనమంతా తెల్లకోటు, తెల్లకోటు అని కేకలు పెట్టేవాళ్ళు. అప్పుడు తెర పడేది. ఎక్కడ వేసినా అదే కేక, అదే తెర.

మొదటి కోటు కుట్టింది మా అబ్బా. అప్పట్లో పేటలో పెళ్ళికొడుకుల సూట్లన్నీ మా అబ్బా చేతిమీదుగానే వెళ్ళేవి. అంతటి దర్జీ కూడా అక్కడ తప్పులో కాలేశాడు. మొదటిసారి ఉతగ్గానే తెల్ల డ్రిల్లు గుడ్డ ముడుచుకుపోయింది, నల్లది అలాగే ఉంది. బాబాయి తొడుక్కుంటే ఒక భుజం పైకి లేచి, మనిషి మంచివైపుకి ఒరిగిపోయినట్టు కనపడ్డాడు. పిన్ని గోడ పట్టుకుని మరీ నవ్వింది.

మా అబ్బాకి చూపు తగ్గాక ఆ కోటు పని నాకు వచ్చింది. ఈసారి తెల్లగుడ్డ ముందే తడిపి ఆరేస్తానని చెప్పాను. బాబాయి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, "రెండూ ఒకే బక్కెట్లో నానబెట్టు తల్లీ" అన్నాడు. నల్లది రంగు దిగితే తెల్లది పాడవుతుంది బాబాయ్, అన్నాను. "దిగనీ. ఒకదాన్ని తడిపి ఒకదాన్ని దాచిపెడితే కుట్టు నిలబడదు" అన్నాడు. అలాగే నానబెట్టాను. తెల్లగుడ్డకి లేతగా బూడిద రంగు పట్టింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇప్పుడు బాగుంది అన్నాడు. ఆ తర్వాత ఎన్ని కోట్లు కుట్టినా అలా కలిపి నానబెట్టే కుట్టాను.

ఇంట్లో కూడా ఆయనకి ఆ ఇద్దరూ పనికొచ్చేవాళ్ళు. షుగరు మనిషి. రంజాన్‌కి మా ఇంట్లో సేమియా పాయసం గిన్నెడు తాగి వెళ్ళి, పిన్ని నిలదీస్తే మొహం ఎడమవైపుకి తిప్పి, "నేను తాగలేదే, వాడు తాగాడు" అనేవాడు. రేపు ఇంజక్షన్ కూడా వాడికే పొడిపిస్తా అనేది పిన్ని. పొద్దున రెండోసారి టీ అడిగితే, ఇద్దరికీ కలిపి ఒక్క గ్లాసే, సర్దుకు తాగండి అనేది. సందులో ఉన్న మాకందరికీ ఆ మాటలు కంఠతా వచ్చు.

బళ్ళో మాత్రం ఆ సాకు ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి ఒక విద్యార్థి తోటివాణ్ణి పళ్ళు రాలేట్టు కొట్టి, కోపం వస్తే నేను నేను కాను సార్ అన్నాడట. బాబాయి హాజరుపట్టీ తీసి కలం పట్టుకుని, "మరి ఎవరు? వాడి పేరు చెప్పు. వాడికి కూడా రోజూ అటెండెన్స్ వేస్తా, వాడు కూడా పరీక్ష రాయాలి" అన్నాడట. ఆ విద్యార్థి ఇప్పుడు ముప్పాళ్ళలో ఎరువుల కొట్టు పెట్టాడు. బాబాయి శవం దగ్గర ఆ మాట చెప్పి చెప్పి ఏడ్చాడు.

ఎవరు పిలిచినా ఆ రోజు ఖాళీయేనా అని కూడా చూడకుండా వస్తానని మాటిచ్చే మనిషి, ఒకసారి మాత్రం వెనకాడాడు. మాచర్ల వైపు ఒక ఊరి నుంచి తిరునాళ్ళకి నాటకం వేయమని అడగడానికి వచ్చారు. ఆ ఊరి పేరు రాయను, రాస్తే నాకు అటువైపు బస్సెక్కే యోగం ఉండదు. బాబాయి వాళ్ళతో గొంతు బాగాలేదు అన్నాడు. కోటు చిరిగింది అన్నాడు. చిరగలేదని నాకు తెలుసు, ముందురోజే ఇస్త్రీ చేసి ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక నేను పిన్నిని అడిగాను. పిన్ని బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా చెప్పింది.

మాస్టారు ఉద్యోగం రాకముందు, డిగ్రీ అవ్వగానే, బాబాయి ఒక పురుగుమందుల కంపెనీలో చేరాడట. వాళ్ళు ఆయనకి ఒక తెల్లకోటు తొడిగి, జీపెక్కించి, ఊళ్ళమీద తిరగమన్నారు. మైకులో సైంటిస్టు గారు వచ్చారు అని చెప్పేవాళ్ళు. ఇప్పుడు తిరునాళ్ళకి పిలిచిన ఈ ఊరికీ వెళ్ళారు, అక్కడ మిరప పూత మీద ఉంది. ఈ మందు పూత మీద కొట్టొచ్చా సారూ అని రైతులు అడిగారు. బాబాయికి తెలియదు. అంతమంది చేతులు కట్టుకుని సారూ అంటుంటే తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. కొట్టొచ్చు అన్నాడు. పూత మొత్తం రాలి, మొక్కలు నిలువునా మాడిపోయాయి. ఆ సంగతి తెలిసిన రోజునే ఉద్యోగం మానేసి వచ్చాడు గాని, ఆ ఊరికి మళ్ళీ వెళ్ళలేదు. అప్పటికి పిన్ని కొత్తగా కాపురానికి వచ్చింది. "తెల్లకోటు వేషం వాళ్ళు వేయించిందే అమ్మాయ్. నల్లముక్క ఆయన కుట్టించుకున్నాడు" అంది.

అప్పటిదాకా ఆ నాటకం నాకు సరదాగానే ఉండేది. ఆ మధ్యాహ్నం నుంచి ఆ కోటు చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది. వెళ్ళొద్దని పిన్ని చెప్పింది, నేనూ చెప్పాను. ఆయన రెండు రోజులు ముభావంగా తిరిగి, ఆ ఊరివాళ్ళకి తనే ఫోన్ చేసి వస్తానన్నాడు. అక్కడికెళ్ళి ఏం చేస్తావు బాబాయ్, అంటే, వేషం వేస్తా, ఇంకేం చేస్తా అన్నాడు. చెప్పాలని వెళ్తున్నాడని నాకు అర్థమైంది. చెప్పగలడో లేదో ఆయనకే తెలియదని కూడా అర్థమైంది. కోటు కుట్లు చూసుకోవాలనే వంక పెట్టి నేనూ వ్యాను ఎక్కాను.

గురజాల దాటాక బాబాయి కోటు సంచి ఒళ్ళోకి తీసుకున్నాడు. ఊరు చేరేసరికి అక్కడ ఇంకో గొడవ నడుస్తోంది. ఆ ఊళ్ళో తూర్పు బజారుది ఒక పార్టీ, పడమటి బజారుది ఒక పార్టీ. స్టేజీ ఎటు తిప్పి కట్టాలన్నది తేలలేదు. తూర్పుకి తిప్పితే పడమటివాళ్ళకి వీపు చూపించినట్టు, పడమటికి తిప్పితే తూర్పువాళ్ళకి వీపు చూపించినట్టు. వీపు చూపించడమంటే ఆ ఊళ్ళో మాటలు కాదు. చివరికి పెద్దలు కూర్చుని, స్టేజీయే వద్దు, ట్రాక్టరు ట్రక్కుని రోడ్డు మధ్యలో పెట్టండి, అటువాళ్ళు అటు కూర్చుంటారు, ఇటువాళ్ళు ఇటు కూర్చుంటారు అని తీర్పు చెప్పారు. అందరూ భలే తీర్పు అన్నారు. ఆ తీర్పులో ఏముందో మాకెవరికీ తట్టలేదు. బాబాయికి అసలే తట్టలేదు, ఆయన మనసు అక్కడ లేదు.

పొద్దుగూకాక నాటకం మొదలైంది. మైకు వాళ్ళు తూర్పువైపు ఉన్నారు కాబట్టి ఆయన అలవాటు చొప్పున అదే ముందువైపు అనుకున్నాడు. నేను సూదీదారం పట్టుకుని పడమటివైపు ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. మంచివాడు మాట్లాడడం మొదలుపెట్టగానే నా పక్కనున్న ఆవిడ, ఈ మీసాలాయన ఎంత నెమ్మదిగలోడమ్మా అంది. అప్పుడు చూసుకున్నాను. తెల్లవైపు తూర్పుకి తిప్పితే మావైపు ఉన్నది నల్లకోటూ మీసమూ. మంచి మాటలన్నీ మాకు మీసమే చెబుతోంది. చెడ్డవాడి వంతు వచ్చి ఆయన గిరుక్కున తిరగ్గానే, తూర్పువాళ్ళకి మీసం కనపడింది, మాకు తెల్లకోటూ కళ్ళద్దమూ కనపడ్డాయి. రైతు గంగలో దూకినా మనకెందుకు అంటున్నాడు తెల్లకోటు. పడమటి ఆడవాళ్ళు మెటికలు విరిచారు. సైగ చేద్దామంటే ఆయన నావైపు చూడడే. నాటకం చివరిదాకా అలాగే నడిచింది.

చివర ఆయన ఏ బజారుకీ వీపు చూపకుండా రోడ్డు పొడుగుకి ఎదురుగా తిరిగి, మీకు ఎవరు కావాలో చెప్పండి అన్నాడు. తూర్పు నుంచి తెల్లకోటు అని కేక లేచింది. పడమర నుంచి మీసాలాయన అని కేక లేచింది. బాబాయి అటొకసారి ఇటొకసారి చూశాడు. అన్నేళ్ళలో ఆయన అలాంటి కేక వినలేదు.

తూర్పువాళ్ళలో ఎవరో, పడమటోళ్ళకి నాటకం చూడ్డం గూడా చేతకాదంట్రా అని నవ్వారు. పడమటి కుర్రవాళ్ళు లేచి తువ్వాళ్ళు నడుముకి బిగించారు. ఇంతకన్నా చిన్న విషయాలకి ఆ ఊళ్ళో తలలు పగిలిన సంగతి జిల్లా అంతా తెలుసు. అప్పుడు నా పక్కనున్న ఆవిడ లేచింది. అరవయ్యో పడిలో ఉంటుంది, ఎండకి కాగిన మొహం. ఊళ్ళోవాళ్ళంతా పెద్దమ్మ అనే పిలుస్తున్నారు.

"నా కళ్ళు బానే ఉన్నయ్" అంది తూర్పువాళ్ళతో. "దొంగమాట చెప్పింది తెల్లకోటోడే. ఎనకటికి మనూరొచ్చినోడు గూడా తెల్లకోటే ఏసుకొచ్చాడు. పూత మీద కొట్టొచ్చన్నాడు. మేం కొట్టాం, మీరూ కొట్టారు. ఏమైందో మర్చిపోయారా ఏంది?"

పడమటి కుర్రవాళ్ళు బిగించిన తువ్వాళ్ళు విప్పేశారు. రెండువైపులా ఎవరూ మర్చిపోలేదు.

నాకు తెలుసు, అక్కడ బాబాయిని ఒక్కరు కూడా గుర్తుపట్టలేదు. పౌడరు, మీసం, అద్దం, పైన ఇన్నేళ్ళ వయసు. దిగి వ్యాను ఎక్కేస్తే అయిపోయేది. నోరు తెరవకు బాబాయ్, ఈ జనం ముందు వద్దు అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను. ఆయన అద్దం పీకి జేబులో వేసుకున్నాడు. మీసం పీకాడు. చర్మం లేచినట్టుంది, పైపెదవి రుద్దుకున్నాడు. మైకు దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మ సరిగ్గానే చూసింది" అన్నాడు. అది మంచివాడి గొంతూ కాదు, చెడ్డవాడి గొంతూ కాదు, మా సందులో పాలవాణ్ణి పిలిచే గొంతు. "ఆ రోజు తెల్లకోటు వేసుకొచ్చింది నేనే. మీరు కొట్టొచ్చా అని అడిగారు. నాకు తెలవదు. తెలవదని చెప్పటానికి సిగ్గేసి కొట్టొచ్చన్నా."

దించండ్రా వాణ్ణి అని ఎవరో అరిచారు. ఇద్దరు ట్రక్కు ఎక్కారు, ఒకడు తూర్పు నుంచి, ఒకడు పడమర నుంచి. ఆ ఊళ్ళో రెండు పార్టీలూ కలిసి చేసిన పని అదొక్కటేనని తర్వాత్తర్వాత పిన్ని నవ్వేది గాని, ఆ నిమిషాన నేను సూదీదారం అక్కడే పడేసి లేచాను. పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ట్రక్కు అంచు పట్టుకుని పైకి చూసింది. చాలాసేపు చూసింది. ఎక్కినవాళ్ళని దిగమంది. తర్వాత బాబాయి కోటు అంచు పట్టి లాగింది.

"దిగు. మా ఇంట్లో బువ్వ తిను. తిట్టేది తిన్నాక తిడతా."

అలాగే చేసింది. గోంగూర, పప్పు, మజ్జిగ, అన్నీ దగ్గర కూర్చుని వడ్డించింది. ఆయనకి ముద్ద దిగడంలేదు, వదలనిస్తేనా. చెయ్యి కడుక్కున్నాక అరుగు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయలేను, ఇది నలుగురూ చదివే పుస్తకం. మధ్యలో ఆ ఏడాది ఎడ్లని అమ్ముకున్న సంగతి చెప్పింది. తోలుకుపోయే రోజు ఇంటాయన గదిలోంచి బయటికి రాలేదట, అవి అరుస్తుంటే చెవులు మూసుకుని కూర్చున్నాడట. ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. బాబాయి తలొంచుకుని వింటూ కూర్చున్నాడు, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. చివరికి ఆమెకే గొంతు పోయింది. "ఇంకా అయిపోలా. మిగతాది ఉంది, మళ్ళా రా" అంది. వ్యానులో వచ్చేటప్పుడు ఆయన నిద్రపోయాడు. పేట వచ్చేదాకా లేవలేదు.

మళ్ళా రా అన్నది కదా, ఈయన వెళ్ళాడు. ఏటా మిరప పూతకొచ్చే వేళకి పొద్దున్నే మాచర్ల బస్సెక్కేవాడు. ఒకసారి నేనూ తోడెళ్ళాను. పెద్దమ్మ చేలోకి తీసుకెళ్ళి ముడుచుకున్న ఆకొకటి తుంచి ఆయన చేతిలో పెట్టి, ఇదేంది చెప్పు అంది. ఆయన ఆకుని తిరగేసి, వెనక చూసి, ఎండకి పట్టి చూసి, "తెలవదు పెద్దమ్మా, అడిగి చెప్తా" అన్నాడు. పెద్దమ్మ నావైపు తిరిగి, "ఇన్నావా అమ్మాయ్. ఈ ఒక్కమాట అప్పుడంటే పోయేది గదా" అంది. ఆ పూట అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువే వేసింది. తిన్నాక తిట్టడం మాత్రం మానలేదు. కొంచెం తిట్టి, మిగతాది మళ్ళీ ఏడాదికి దాచేది. ఆ ఆకు సంగతి బాబాయి ఎవరెవర్నో అడిగి, నాలుగోనాడు ఫోన్ చేసి చెప్పాడు.

ఆ తిరునాళ్ళ తర్వాత ఆయన రెండు పనులు మానేశాడు. ఇంట్లో వాడు తాగాడు అనడం మానేశాడు. పాయసం తాగి వెళ్ళి, నేనే తాగానే అని పిన్నికి చెప్పేసేవాడు. పిన్ని నాతో, వాడే నయం అమ్మాయ్, వాడుంటే కాస్త నవ్వుకునేవాళ్ళం అనేది. నాటకంలో ఎవరు కావాలో చెప్పండి అనే మాట కూడా తీసేశాడు. చివర జనానికి ఎదురుగా తిరిగి ఊరికే నిలబడేవాడు. తెర పడేదాకా అలాగే. పరిషత్తులో న్యాయనిర్ణేతలు ముగింపు కుదరలేదన్నారు, బహుమతి పోయింది. నేను కోపంతో ఊగిపోతుంటే ఆయన నవ్వి, "మనం సర్దిచెప్పి పంపిస్తే జనం ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటారు తల్లీ" అన్నాడు. ఆ పక్కనే మిరపకాయ బజ్జీలు కొని పెట్టాడు నాకు.

ఆయన పోయిన రెండోరోజు ఫ్లెక్సీ దగ్గర పేచీ వచ్చింది. పెద్దకర్మకి సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టాలి, ఫొటో కావాలి. ఇంట్లో ఉన్నవాటిలో ఒకటీ బాగాలేదు. ఆధార్ కార్డు ఫొటోలో ఆయన్ని ఆయనే గుర్తుపట్టేవాడు కాదు. బాగా తీసినవి నాటకం ఫొటోలే. ఎదురుగా తీసింది పెడదామంటే, సగం మీసంతో చావు ఫ్లెక్సీ చూస్తే జనం నవ్వుతారన్నాడు ఫ్లెక్సీల కొట్టాయన. తెల్లకోటు వైపుది పెట్టండి, దేవుడిలా ఉన్నాడు అన్నారు శిష్యులు. సమాజం వాళ్ళూ సరే అన్నారు. పిన్ని అప్పటిదాకా మూల కూర్చుని ఉంది.

"ఆయన్ని సగం కడతారా" అంది.

అంతే అంది. రెండు ఫ్లెక్సీలు వేయించారు, ఒకదాని మీద కళ్ళద్దం వైపు, ఒకదాని మీద మీసం వైపు. వాటిని వీపులు కలిపి ఒకటిగా చేసే పని నాకు పడింది. ఫ్లెక్సీ మిషను కింద నడవదు. గోనెసంచులు కుట్టే దబ్బనం, నైలాను దారం తెచ్చుకుని, షాపు మూసి, నేల మీద పరుచుకుని చుట్టూ కుట్టాను. దబ్బనం రెండుసార్లు వేలికి దిగింది. ఏడుస్తూ కుడితే ఇంతే అని మా అబ్బా అయితే తిట్టేవాడు. రోడ్డు మీంచి వచ్చేవాళ్ళకి తెల్లకోటు, సందులోంచి బయటికి వెళ్ళేవాళ్ళకి మీసం కనపడేలా తాళ్ళతో అడ్డంగా కట్టారు.

పెద్దకర్మ రోజున పెద్దమ్మ వచ్చింది. ఎవరు కబురు చేశారో తెలియదు. బాగా వంగిపోయింది, చేతిలో కర్ర. పిన్ని పక్కన కాసేపు కూర్చుంది. భోజనాలకి లేపితే మొదటి వరసలోనే కూర్చుని, మొగమాటపడకుండా కడుపునిండా తిన్నది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నిదానంగా నడుచుకుంటూ సందు దాటి రోడ్డు మీదికి వెళ్ళింది. వెనక్కి తిరిగి తల ఎత్తింది. తెల్లకోటూ, కళ్ళద్దమూ.

కర్ర గోడకి ఆనించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని మొదలుపెట్టింది. తెలవదని ఒక్క ముక్క చెప్పలేకపోయావేందిరా అని, మా ఎడ్లు ఏం పాపం చేశాయిరా అని, ఇంకా చానా ఉండగానే ఎట్టా పోతావురా అని. రోడ్డు మీద జనం ఆగిపోయారు. ఎరువుల కొట్టు శిష్యుడు పరిగెత్తుకెళ్ళి ఆమె రెక్క పట్టుకోబోయాడు. పిన్ని గుమ్మంలోంచే, "తిట్టనీ నాయనా, ఆయన కోసమే వచ్చింది" అంది. అతను పక్కకి తప్పుకున్నాడు.

తిట్టినంతసేపు తిట్టి, పెద్దమ్మ కర్ర తీసుకుని ఫ్లెక్సీ కింది నుంచి ఇవతలికి వచ్చింది. మళ్ళీ తల ఎత్తింది. ఇటు మీసం. ఆ రాత్రి పడమటి బజారులో ఆమెకి మంచిమాటలు చెప్పిన మొహం. కొంగు తల మీదికి కప్పుకుంది. కర్ర చంకలో ఇరికించుకుని రెండు చేతులూ జోడించింది. "పోయిరా నాయనా" అంది. అక్కడున్నవాళ్ళలో చాలామందికి ఈ ముసలమ్మకి మతి చెడిందనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

అందరూ వెళ్ళాక నేను సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి పైకి చూశాను. అక్కడినుంచి ఏ మొహమూ కనపడదు. అంచు ఒక్కటే కనపడుతుంది, నా నైలాను కుట్టు, మధ్యమధ్యలో నా వేలి నెత్తురు మరకలు. గాలికి రెండు మొహాలూ ఒకేసారి అటు వెళ్ళి, ఒకేసారి ఇటు వచ్చాయి. కుట్టు ఎక్కడా వదల్లేదు.